పుట్టి తేలుతుంది, గులకరాయి మునుగుతుంది: నీటి లెక్క ఏమిటి?

(కర్నూలులో ఒక ఆదివారం సాయంత్రం విద్యార్థులు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కూడిన సభలో విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకులొకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాము. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

సభలో ఉన్న పెద్దలకు నమస్కారం, పిల్లలకు ఆశీస్సులు. నా ముందున్న బల్ల మీద ఒక పెద్ద బేసిను నిండా నీళ్లున్నాయి. దాని పక్కన తుంగభద్ర ఒడ్డున ఏరుకొచ్చిన ఒక గులకరాయి, రెండు చీనీకాయలు, ఒక స్టీలు చెంబు, ఒక కోడిగుడ్డు, ఒక ఉప్పు పొట్లం, ఒక కుట్టుసూది ఉన్నాయి. ఇందాక వెనక వరుసలో ఎవరో "సారు ఈ రోజు వంట చేసేటట్టున్నాడు" అన్నారు, నాకు వినబడింది. వంట చేయడం లేదు గాని, వంటింట్లో రోజూ కంటబడే సంగతే చెప్పబోతున్నాను. కొన్ని వస్తువులు నీళ్ల మీద ఎందుకు తేలుతాయి, కొన్ని ఎందుకు మునుగుతాయి?

మొదట నా తప్పు నేను ఒప్పుకోవాలి. నేను చాలా ఏళ్లపాటు, ముఖ్యంగా చిన్న తరగతుల పిల్లలు ఎదురుగా కూర్చున్నప్పుడు, "బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి" అని చెప్పి ముగించేవాణ్ని. సాంద్రత సూత్రం నాకు తెలియక కాదు, అంత చిన్న పిల్లలకు ఈ మాట చాలునన్న బద్ధకం. పిల్లలు దాన్నే రాసుకున్నారు, దాన్నే పరీక్షలో రాశారు, నేను మార్కులు వేశాను. ఆ వాక్యం తప్పు అని నాకు ఒంటికి పట్టేటట్టు చెప్పింది పుస్తకం కాదు, వరద.

2009 అక్టోబరు 2వ తేదీని ఈ ఊళ్లో మరచిపోయినవారు ఎవరైనా ఉన్నారా? తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చిన రోజు అది. మేము మిద్దె మీదికెక్కి నిలబడ్డాము. కింద వీధిలో ఎర్రటి గ్యాసు సిలిండర్లు ఒకదాని వెనక ఒకటి తేలుతూ పోతున్నాయి. వాటిలో మాదీ ఒకటి. దాని మూతకున్న సీలు కూడా తీయలేదు, అంతకు రెండు రోజుల ముందే వచ్చిన నిండు సిలిండరు అది. నేను ఒక్కడిని ఎత్తలేని బరువు. అది దర్జాగా తేలుతూ పోయింది. దాన్ని చూస్తూ ఉండగా నా చేతిలోని ఇత్తడి తాళంచెవి జారి నీళ్లలో పడింది, పడిన మరుక్షణమే కనబడకుండా పోయింది. ఇప్పుడు చెప్పండి, బరువైనది ఏది? తేలికైనది ఏది? మునిగింది ఏది?

లెక్క వేసి చూద్దాం. వంటింటి సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. ఖాళీ సిలిండరు బరువు దాని మీదే రాసి ఉంటుంది, సుమారు 15 నుంచి 16 కిలోలు. రెండూ కలిపితే 30 కిలోల చిల్లర. ఆ సిలిండరు లోపల 33.3 లీటర్ల నీళ్లు పడతాయి. ఉక్కు రేకు మందాన్ని కూడా కలుపుకుంటే, బయటి నుంచి చూసినప్పుడు అది ఆక్రమించే చోటు దాదాపు 35 లీటర్లు. 35 లీటర్ల నీళ్ల బరువు ఎంత? 35 కిలోలు. అంటే ఆ సిలిండరు తాను ఆక్రమించే చోటులో పట్టే నీటికంటే తేలిక. తాళంచెవి సంగతి చూడండి. దాని బరువు 50 గ్రాములనుకుంటే, అది ఆక్రమించే చోటు ఆరు మిల్లీలీటర్లు మాత్రమే. ఆరు మిల్లీలీటర్ల నీటి బరువు ఆరు గ్రాములు. ఆరు గ్రాముల నీళ్లుండే చోటులోకి 50 గ్రాముల ఇత్తడి వచ్చి కూర్చుంటే నీరు దాన్ని మోస్తుందా? మోయలేదు.

కాబట్టి "ఎంత బరువు" అని మాత్రమే అడిగితే జవాబు రాదు. "ఎంత చోటులో ఎంత బరువు" అని అడగాలి. దీన్నే పుస్తకాల్లో సాంద్రత అంటారు. ఆ పేరు పిల్లలందరికీ నోటికి వస్తుంది. అయితే పేరు తెలిసినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదు. నీళ్లు అసలు ఎందుకు మోస్తాయి? ఎంత మోయాలో వాటికి ఎవరు చెప్పారు? నా దృష్టిలో ఈ విషయంలో అందమంతా ఇక్కడే ఉంది, అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను.

ఈ సభలో బావిలోంచి చేంతాడుతో నీళ్లు తోడినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. పెద్దవాళ్లే ఎత్తుతున్నారు, పిల్లలకు ఆ భాగ్యం లేదు. తోడినవాళ్లకు ఒక సంగతి తెలుసు. బిందె నీళ్లలో మునిగి నిండిన తరువాత కూడా, అది నీళ్లలోపల ఉన్నంతసేపు చేంతాడు లాగడం సులువుగానే ఉంటుంది. బిందె అంచు నీటిని దాటి పైకి రావడంతోటే మొత్తం బరువు ఒక్కసారి చేతుల్లోకి దిగుతుంది. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలిన రైతులు ఈ సభలో ఉంటే వాళ్లకు ఇంకా బాగా తెలుసు: బాన నీళ్లను దాటి పైకి రాగానే మోకు బిగిసి ఎద్దులు మెడలు వంచుతాయి. బిందెలోని నీళ్లు లోపల ఉన్నప్పుడూ అవే, బయటికి వచ్చిన తరువాతా అవే. మరి లోపల ఉన్నప్పుడు వాటి బరువు ఎక్కడికి పోయింది?

ఒక ఊహ చేద్దాం. నిశ్చలంగా ఉన్న బావి నీటి మధ్యలో, బిందె ఆకారంలో ఉన్న ఒక ముద్ద నీటిని మనసులోనే గిరిగీసి వేరుచేయండి. దానిచుట్టూ లోహం లేదు, ప్లాస్టిక్ లేదు, ఉన్నదంతా నీరే. ఆ నీటి ముద్దకు బరువు ఉందా లేదా? ఉంది, పది లీటర్లయితే పది కిలోలు. బరువున్నది కింద పడాలి కదా, మరి పడుతున్నదా? పడడం లేదు, ఉన్నచోటనే ఉంది. అంటే దాన్ని ఎవరో మోస్తున్నారు. ఎవరు? చుట్టూ ఉన్న నీరు. ఎంత బలంతో? సరిగ్గా పది కిలోల బలంతో. తక్కువైతే ఆ ముద్ద కిందికి జారేది, ఎక్కువైతే పైకి లేచేది.

ఇప్పుడు అసలు మెలిక వస్తుంది, జాగ్రత్తగా వినండి. ఆ నీటి ముద్దను తీసివేసి, సరిగ్గా అదే ఆకారంలో, అదే పరిమాణంలో ఒక రాతి ముద్దను అక్కడ పెట్టండి. లేదా కట్టెను పెట్టండి, బంగారాన్ని పెట్టండి, గాలి నింపిన డబ్బాను పెట్టండి. చుట్టూ ఉన్న నీటికి లోపల ఏముందో తెలుస్తుందా? తెలియదు. లోపల ఉన్నదాని కులగోత్రాలు విచారించే అలవాటు నీటికి లేదు. అది ఇంతకుముందు తన సాటి నీటిని ఎంత బలంతో మోసిందో, ఇప్పుడు వచ్చిన కొత్త చుట్టాన్ని కూడా అంతే బలంతో మోస్తుంది. ఆ చుట్టం పది కిలోలకు తక్కువ ఉంటే పైకి లేస్తాడు, ఎక్కువ ఉంటే కిందికి పోతాడు, సరిగ్గా సమానమైతే ఎక్కడ పెడితే అక్కడే ఉంటాడు. పదహారో శతాబ్దపు సైమన్ స్టెవిన్ అనే ఇంజనీరు ఈ విధంగా ఆలోచించాడు. ఇంతకంటే చక్కని వివరణ నాకు ఇంతవరకు ఎక్కడా కనబడలేదు.

"నీరు మోస్తున్నదంటే దానికి చేతులున్నాయా సారూ?" అని ఒక పిల్లవాడు ఒకసారి అడిగాడు. మంచి ప్రశ్న. నీటికి చేతులు లేవు గాని పీడనం ఉంది. లోతుకు పోయేకొద్దీ పైనున్న నీటి బరువు పెరుగుతుంది, దానితో పాటు పీడనం పెరుగుతుంది. పది సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న ఒక ఘనాన్ని నీళ్లలో ముంచితే, దాని పై ముఖాన్ని నీరు కిందికి నెడుతుంది, కింది ముఖాన్ని పైకి నెడుతుంది. కింది ముఖం పది సెంటీమీటర్లు ఎక్కువ లోతులో ఉంది కాబట్టి అక్కడి నెట్టుడు సరిగ్గా ఒక కిలో ఎక్కువ. పక్కల నుంచి వచ్చే నెట్టుళ్లు ఒకదానికొకటి సరిపోతాయి. ఆ ఘనం పరిమాణం ఎంత? ఒక లీటరు. లీటరు నీటి బరువు ఎంత? ఒక కిలో. చూశారా, ఊహతో వచ్చిన జవాబే లెక్కలోనూ వచ్చింది. పైకి నెట్టే ఈ బలానికే ఉత్ప్లవన బలం అని పేరు.

ఈ మాట వినగానే ఆర్కిమెడిస్ ఎందుకు రాలేదని మీరు ఎదురుచూస్తూ ఉంటారు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో, సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ నగరంలో ఆయన ఈ సూత్రాన్ని రేఖాగణిత పద్ధతిలో నిరూపించాడు. స్నానాల తొట్టిలోంచి బట్టలు లేకుండా "యురేకా" అని పరుగెత్తిన కథ మాత్రం ఆయన రాసింది కాదు. దాదాపు రెండు వందల ఏళ్ల తరువాత విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి చెప్పిన కథ అది. హీరాన్ రాజు బంగారు కిరీటంలో కంసాలి వెండి కలిపాడా లేదా అన్నది, అది జరిపే నీటిని చూసి ఆర్కిమెడిస్ తేల్చాడని ఆ కథ. తేలే వస్తువుల మీద ఆర్కిమెడిస్ రాసిన రాతల్లో కిరీటం మాట లేనే లేదు. ఆ కథలో నాకొక అనుమానం ఉంది, అది మీతో పంచుకోకుండా ఉండలేను. హీరాన్ రాజు కిరీటం కిలో బరువుందనుకుందాం. స్వచ్ఛమైన బంగారమైతే అది సుమారు 52 మిల్లీలీటర్ల నీటిని జరుపుతుంది. కంసాలి అందులో మూడు వందల గ్రాముల వెండి కలిపి ఉంటే 65 మిల్లీలీటర్లు జరుపుతుంది. తేడా 13 మిల్లీలీటర్లు. ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్న పాత్రలో ఆ తేడా వల్ల నీటిమట్టం ఎంత పెరుగుతుంది? అర మిల్లీమీటరు కూడా పెరగదు. కంటితో చూసి ఒక మనిషిని దొంగ అనడానికి ఆ కొలత చాలుతుందా?

అదే కిరీటాన్ని తక్కెడకు కట్టి, నీళ్లలో వేలాడదీసి తూచండి. అసలు బంగారమైతే కిలోకు 948 గ్రాములు తూగుతుంది, వెండి కలిసినదైతే 935 గ్రాములు. పదమూడు గ్రాముల తేడా ప్రొద్దుటూరు బంగారు దుకాణంలో పనికి కొత్తగా చేరిన కుర్రవాడు కూడా పట్టుకుంటాడు. ఈ నీటి తక్కెడ ఉపాయాన్ని 1586లో, ఇరవై రెండేళ్ల వయసులో, గెలీలియో వివరించాడు. పనిలో పనిగా బంగారం కొనేవాళ్లకు ఒక హెచ్చరిక: టంగ్‌స్టన్ అనే లోహం సాంద్రత బంగారం సాంద్రతతో దాదాపు సమానం, అందువల్ల దాన్ని లోపల పెట్టి పైన బంగారం పోత పోస్తే నీటి తక్కెడ కూడా మోసపోతుంది.

సరే, మన నదికి వద్దాం. పుట్టి ఎక్కినవాళ్లున్నారా? తుంగభద్ర, కృష్ణ ఒడ్డు ఊళ్లవాళ్లకు చెప్పనక్కరలేదు. వెదురు బద్దలతో అల్లిన పెద్ద బుట్టకు ఒకప్పుడు తోలు కుట్టేవారు, ఇప్పుడు టార్పాలిను గాని ప్లాస్టిక్ పట్టా గాని కప్పి తారు పూస్తున్నారు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు ఇదే తుంగభద్ర మీద ఇటువంటి బుట్ట పడవలను చూశాడు. లోపల బెత్తం, బయట తోలు ఉంటాయనీ, పదిహేను ఇరవైమంది పడతారనీ, అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా దాటిస్తారనీ, తెడ్డు వేస్తున్నంతసేపు గిరగిరా తిరుగుతూనే ఉంటాయనీ రాశాడు. ఐదు వందల ఏళ్లయినా ఆ తిరగడం మాత్రం మానలేదు.

పుట్టి అడ్డకొలత రెండున్నర మీటర్లనుకుందాం. అది ఒక సెంటీమీటరు లోతు ఎక్కువ దిగితే ఎంత నీటిని జరుపుతుంది? సుమారు 49 లీటర్లు. అంటే 50 కిలోల మనిషి ఒకరు ఎక్కితే పుట్టి ఒక్క సెంటీమీటరు కిందికి దిగుతుంది. పదిమంది ఎక్కితే జానెడు కూడా దిగదు. ఇంత బరువును ఇంత సన్నని పట్టా ఎట్లా మోస్తున్నదని ఆశ్చర్యపడతాం గాని, మోస్తున్నది పట్టా కాదు కదా! నీళ్లు లోపలికి రాకుండా ఆపి, ఆ చోటంతా గాలికి కేటాయించి పెట్టడమే పట్టా చేసే పని. ఈ స్టీలు చెంబు చూడండి. బోర్లించకుండా నీటి మీద పెడుతున్నాను, తేలింది. ఇప్పుడు పక్కకు వంచుతున్నాను, నీళ్లు పోయాయి, అడుక్కు పోయింది. స్టీలు అదే, బరువు అదే, మారింది అది నీటి నుంచి లాక్కున్న చోటు మాత్రమే. పుట్టికి పడిన చిల్లు చిన్నదైనా పెద్దదైనా భయపడవలసిన కారణం ఇదే. లోపలికి వచ్చిన ప్రతి లీటరు నీరు ఒక కిలో మోసే శక్తిని తీసివేస్తుంది.

ఓడ కూడా పెద్ద చెంబే. 2022లో మన నౌకాదళంలో చేరిన విక్రాంత్ విమానవాహక నౌకను సుమారు 45,000 టన్నుల నౌక అంటారు. ఆ అంకె ఎట్లా వచ్చింది? ఓడను తూచే తక్కెడ ఎక్కడా లేదు. అది పక్కకు జరిపే నీటి బరువే ఓడ బరువు. మనకు సముద్రం లేదు కాబట్టి ఓడ సంగతి ఇంతటితో వదిలేస్తాను, కాలువ సంగతి మాట్లాడతాను.

కర్నూలు కడప కాలువను, అంటే మన కె.సి. కాలువను, 1863 నుంచి 1870 వరకు తవ్వినప్పుడు సాగునీటి కోసమే కాక పడవలు నడపడం కోసం కూడా తవ్వారు. సుంకేసుల దగ్గర బయలుదేరిన ఆ కాలువ మన ఊళ్లోకి వచ్చేసరికి హంద్రీ అడ్డం వచ్చింది. నదిని దాటించడానికి కమానుల వంతెన కట్టి, ఆ వంతెన మీదుగా కాలువను పారించారు. కింద నది, పైన కాలువ. ఇప్పుడు ఒక ప్రశ్న. కాలువ నిండా నీళ్లు పారుతున్నప్పుడు, ఇరవై టన్నుల పడవ ఒకటి ఆ వంతెన మీదికి వచ్చిందనుకోండి. కమానుల మీద బరువు ఎంత పెరుగుతుంది? ఇరవై టన్నులని ఎవరో అన్నారు. ఇంకెవరైనా? అమ్మా, మీరేమంటారు? పెరగదంటున్నారా? మీరే సరి. ఏమాత్రం పెరగదు. పడవ వంతెన మీదికి వస్తూ వస్తూ ఇరవై టన్నుల నీటిని పక్కకు జరిపింది, ఆ నీరు కాలువ పొడవునా సర్దుకుంది. పడవ వంతెనకు ఇచ్చిన బరువు, అది తరిమేసిన నీటి బరువు రెండూ సమానం. అనుమానమున్నవాళ్లు ఇంటికి పోయి నిండు బకెట్టును తక్కెడ మీద పెట్టి, అందులో ఒక ఖాళీ గిన్నెను తేలనివ్వండి. ఒలికిన నీళ్లు తుడిచేసి చూడండి, ముల్లు మొదటిచోటనే ఉంటుంది.

ఇప్పుడు చీనీకాయలు. అనంతపురం నుంచి వచ్చిన మిత్రుడు తెచ్చినవి కాబట్టి ప్రయోగం అయిపోగానే నేనే తింటాను. తొక్కతో ఉన్న కాయను వేస్తున్నాను, తేలింది. రెండోదాన్ని తొక్క, తెల్లటి బెండు అంతా ఒలిచి వేస్తున్నాను, మునిగింది. తొక్క తీస్తే బరువు తగ్గింది కదా, తగ్గినది ఎందుకు మునిగింది? తొక్కలోని బెండు నిండా గాలి గదులున్నాయి. అవి బరువును కొంచెమే పెంచి, చోటును ఎక్కువ పెంచుతాయి. మనం చిన్నప్పుడు ఈత నేర్చుకోవడానికి నడుముకు కట్టుకున్న ఎండు సొరకాయ బుర్ర చేసిన పనే ఇది.

కట్టె తేలడంలో ఉన్న రహస్యం కూడా ఇదే. కట్టెలోని అసలు పదార్థం, అంటే దాని కణాల గోడలు, నీటికంటే ఒకటిన్నర రెట్లు బరువు. మరి కట్టె ఎందుకు తేలుతుంది? దాని సన్నని రంధ్రాల్లో గాలి ఉన్నందువల్ల. ఆ రంధ్రాలు మూసుకుపోయి చేవ తిరిగిన కట్టె మునుగుతుంది. కడప కొండల్లో పెరిగే ఎర్రచందనం చేవను నీళ్లలో వేసి చూస్తే మునగడం అందుకే. నీళ్లలో ఏళ్ల తరబడి నానిన వేప మొద్దు కూడా రంధ్రాల్లోకి నీరు చేరి, నెమ్మదిగా బరువెక్కి అడుక్కు పోతుంది.

ఈ మాట రాగానే ఒక పెద్దాయన చెయ్యెత్తారు, ఆయన ఏమడుగుతారో నాకు తెలుసు. శ్రీశైలం జలాశయంలో ఏడాదిలో ఎక్కువ కాలం మునిగి ఉండే సంగమేశ్వరంలో శివలింగం వేప కట్టెది అని చెబుతారు కదా, అది ఎందుకు తేలి రాలేదు అని. కట్టె కాబట్టి నీరు దాన్ని పైకి నెడుతుంది, అందులో సందేహం లేదు. అయితే అది వదులుగా ఉన్న కట్టె కాదు, పీఠంలో గట్టిగా ప్రతిష్ఠించిన కట్టె. పైకి నెట్టే బలం కంటే పట్టి ఉంచే బలం ఎక్కువైనప్పుడు వస్తువు కదలదు. దీనికి తిరగేసిన ఉదాహరణ మీ ఇళ్లలోనే ఉంది. ఊట ఎక్కువగా ఉన్న నేలలో, సిమెంటు సంపును కొత్తగా కట్టి ఖాళీగా వదిలేస్తే, గట్టి వానలు పడినప్పుడు భూమిలోని నీరు పెరిగి సంపు మొత్తాన్ని పైకి లేపేస్తుంది. సిమెంటు, ఇసుక, కమ్మీలు కలిసిన అంతటి కట్టడం పుట్టిలాగా లేస్తుంది. అందుకే అనుభవమున్న మేస్త్రీలు వానాకాలంలో కొత్త సంపును ఖాళీగా ఉంచనివ్వరు.

తేలే రాళ్ల మాట కూడా అడుగుతారు. అగ్నిపర్వతం పేలినప్పుడు లావా నురగకట్టి గడ్డకడితే, గాలి బుడగలతో నిండిన రాయి తయారవుతుంది. 1883లో క్రకటోవా పేలినప్పుడు అటువంటి రాళ్లు తెప్పలు తెప్పలుగా హిందూ మహాసముద్రం మీద తేలాయి. మన కడప బండను మాత్రం ఎవరూ తేల్చలేరు, దాని సాంద్రత నీటికి రెండున్నర రెట్ల పైమాటే.

ఇంతవరకు వస్తువును మార్చాము. నీటిని మారిస్తే? ఈ గుడ్డు తాజాది, మంచినీళ్లలో మునిగింది. ఇప్పుడు ఉప్పు కలుపుతున్నాను, కలుపుతూనే ఉన్నాను... చూడండి, లేచింది. గుడ్డు మారలేదు, నీరు బరువెక్కింది. ఆక్రమించిన చోటు అంతే అయినా, ఆ చోటులో ఉండవలసిన నీరు ఇప్పుడు ఎక్కువ బరువు తూగుతుంది. కాలువ కింద వరి పండించే రైతులకు ఇది ఆట కాదు. గుడ్డు తేలి దాని నెత్తి రూపాయి బిళ్లంత కనబడేదాకా నీళ్లలో ఉప్పు కలిపి, అందులో విత్తన వడ్లు పోస్తారు. తాలు, అరకొర గింజ పైకి వస్తాయి, గట్టి గింజ అడుగున ఉంటుంది. మంచినీళ్లలో పోసినా తాలు తేలుతుంది గాని, సగం నిండిన గింజ గట్టి గింజతో కలిసి మునిగిపోతుంది. ఆ రెండింటినీ వేరుచేయడానికే ఉప్పు. తరువాత ఆ గింజలను మంచినీళ్లతో బాగా కడగాలి, అది మరవకూడదు.

పాలకేంద్రంలో లాక్టోమీటరు, అంటే పాలలో తేలే కొలత గొట్టం, చేసే పని కూడా ఇదే. పాల సాంద్రత నీటికి సుమారు 1.03 రెట్లు, నీళ్లు కలిపితే తగ్గుతుంది, అప్పుడు లాక్టోమీటరు ఎక్కువ లోతుకు దిగుతుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. అయితే మీగడ పాలకంటే తేలిక. మీగడ తీసేస్తే మిగిలిన పాల సాంద్రత పెరుగుతుంది. పెరిగినదాన్ని నీళ్లు పోసి మళ్లీ 1.03కు దింపితే లాక్టోమీటరు "పాలు బాగున్నాయి" అంటుంది! ఈ తెలివి ఉన్నవాళ్లు ఉన్నారు కాబట్టే కేంద్రాల్లో వెన్న శాతం కూడా చూడవలసి వచ్చింది. ఇది నేను చెప్పానని ఎవరికీ చెప్పకండి.

ఇక సూది. ఇది ఉక్కు, నీటికంటే దాదాపు ఎనిమిది రెట్ల సాంద్రత. నిలువుగా వదిలితే మునుగుతుంది. పలచని కాగితం ముక్క మీద అడ్డంగా పెట్టి నీటి మీదికి దించి, కాగితాన్ని మెల్లగా కిందికి నొక్కితే... ఆ, తేలింది. ఇంతసేపు నేను చెప్పినదంతా అబద్ధమా? 1611, 1612లలో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో గెలీలియోను సరిగ్గా ఇదే ప్రశ్నతో ఇరుకున పెట్టారు. మంచుగడ్డ నీటికంటే తేలిక కాబట్టి తేలుతుందని ఆయన అన్నాడు. ప్రత్యర్థులు ఆకారమే కారణమన్నారు. నల్లచేవ కట్టెతో చేసిన బంతిని నీళ్లలో వేస్తే మునిగింది, అదే కట్టె పలచటి చెక్కు తేలింది. ఒకే కట్టె, రెండు ఆకారాలు, రెండు ఫలితాలు! గెలీలియో నోరు మూయించామనుకున్నారు. ఆయన ఆ చెక్కును దగ్గరికి వచ్చి చూడమన్నాడు. అది నీటి మట్టం మీద లేదు, నీటిలో ఏర్పడిన చిన్న గుంటలో కూర్చుని ఉంది. దాన్ని పూర్తిగా తడిపి వదిలితే మునిగిపోతుంది. నీటి ఉపరితలం సాగదీసిన పొరలాగా ప్రవర్తిస్తుందని, దాన్నే ఈ రోజు మనం తలతన్యత అంటామని ఆయనకు తెలియదు. అయినా కన్ను మాత్రం సరైన చోటనే పడింది. సూది మీద వెలుతురు పడేటట్టు చూస్తే మీకూ ఆ గుంట కనబడుతుంది. ఒక సబ్బు చుక్క వేస్తే ఆ పొర బలహీనపడి సూది మునుగుతుంది.

చివరిగా మన శరీరం సంగతి చెప్పాలి, ఎందుకంటే ప్రతి వేసవిలోనూ కాలువలో, బావుల్లో పిల్లలు పోతున్నారన్న వార్త వింటున్నాము. మనిషి సాంద్రత నీటితో దాదాపు సమానం. ఎముక బరువు, కొవ్వు తేలిక, ఊపిరితిత్తుల్లోని గాలి లెక్కను అటో ఇటో తిప్పుతుంది. 60 కిలోల మనిషి రొమ్ము నిండా గాలి పీల్చుకుంటే నీటి బయట ఉంచగలిగేది ఒకటి, రెండు కిలోల భాగాన్ని మాత్రమే. గాలి వదిలితే అది కూడా లేదు. తల బరువు ఎంత? నాలుగైదు కిలోలు. అంటే ఈత రానివాడు కదలకుండా ఉన్నా తల మొత్తాన్ని బయట ఉంచడం సాధ్యం కాదు. వెల్లకిలా పడుకుని, చెవులు మునిగినా ఫరవాలేదనుకుని, ముక్కు నోరు మాత్రం పైకి ఉంచుకుంటే ఆ ఒకటి రెండు కిలోలు సరిపోతాయి. మునిగేవాడు ఏం చేస్తాడు? సాయం కోసం రెండు చేతులూ పైకి ఎత్తుతాడు. ఒక్కో చెయ్యి మూడు కిలోలు. నీటిలో ఉన్నంతసేపు ఆ చేతులను నీరే మోసింది, బయటికి రాగానే వాటి బరువంతా శరీరం మీద పడి తలను లోపలికి దించింది.

మా చిన్నాయన నాకు ఈత నేర్పించేటప్పుడు బావిగట్టు మీద నిలబడి "చేతులు నీళ్లల్లోనే పెట్టరా, పైకెత్తొద్దు" అని అరిచేవాడు. ఆయన బడికి పోయినవాడు కాదు. ఎందుకని నేను అడిగితే "ఎత్తితే మునుగుతావు కాబట్టి" అనేవాడు, అంతకు మించి చెప్పేవాడు కాదు.

పిల్లలూ, బేసినులో నీళ్లు అట్లాగే ఉన్నాయి, ఉప్పు కలిసినా ఫరవాలేదు. సూదులు ఇంకా పది ఉన్నాయి, కాగితం కూడా ఉంది. వరుసగా రండి, తోసుకోకండి, తడి చేతులతో సూది ముట్టుకుంటే తేలదు.